బోదకాలు పురుగులో కాపురముండే బాక్టీరియా

డాక్సీసైక్లిన్ పురుగుల మందు కాదు. బాక్టీరియా కణాల్లో ప్రొటీన్ల తయారీని ఆపే యాంటీబయాటిక్ అది. మొటిమలకీ, స్క్రబ్ టైఫస్‌కీ, కొన్ని రకాల న్యుమోనియాకీ డాక్టర్లు రాస్తారు. కడుపులో ఏలికపాములున్న మనిషికి ఇస్తే ఆ పాములకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అదే మందును ఒంట్లో బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులున్న మనిషికి రోజుకు 200 మి.గ్రా. చొప్పున ఆరు వారాలు ఇస్తే, ముందు ఆడ పురుగులు గొడ్డుపోతాయి. ఆ తర్వాత ఏడాది, రెండేళ్లలో చాలావరకు చస్తాయి.

మందు తగిలేది పురుగుకు కాదు. పురుగు కణాల్లో తరతరాలుగా కాపురముంటున్న వోల్బాకియా అనే బాక్టీరియాకు. అది పోయాక పురుగుకు మొదట సంతానం ఆగుతుంది, తర్వాత ఆయుష్షు తీరుతుంది. ఈ సంగతి తెలిసి పాతికేళ్లు దాటింది. అయినా ఇంటింటికీ తిరిగి ఫైలేరియా మాత్రలు మింగించే ఆశా కార్యకర్త సంచిలో డాక్సీసైక్లిన్ లేదు. ఈ మందు గొప్పదనం నిదానంగా చంపడంలో ఉంది. దాన్ని ఆ సంచిలోకి రానివ్వనిదీ ఆ నిదానమే.

పురుగు లెక్క

మన దేశంలో బోదకాలు కేసుల్లో నూటికి 99కి పైగా వుషెరేరియా బ్యాంక్రాఫ్టీ అనే పురుగు వల్ల వచ్చేవే. శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా కోస్తాలోనూ, తెలంగాణలోనూ ఉన్నది ఇదే. దీని బంధువు బ్రూజియా మలయీ కేరళ తీరంలో, ముఖ్యంగా చేర్తల వైపు కనిపించే రకం. వుషెరేరియా ఆడ పురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది, లావు కుట్టుదారమంతే. మగది 4 సెంటీమీటర్లు. కణాల సందుల్లో ఊరిన నీటిని తిరిగి రక్తంలో కలిపే సన్నటి కాల్వలు శోషరస నాళాలు. వాటిలో ఆడా మగా పెనవేసుకుని గూళ్లు కట్టుకుంటాయి. మగవాళ్లలో వృషణాల సంచిలోని నాళాలు వీటికి ఇష్టమైన చోటు. అక్కడ అల్ట్రాసౌండ్ పెడితే పురుగులు ఆగకుండా మెలికలు తిరగడం తెరమీదే కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని ఫైలేరియా నాట్యం అంటారు. పురుగు చచ్చిందో లేదో తేల్చడానికి ఆ నాట్యం ఆగిందా అన్నదే మంచి గుర్తు.

ఈ పురుగులు సుమారు 5 నుంచి 8 ఏళ్లు బతుకుతాయి. ఆడది రోజూ వేల సంఖ్యలో పిల్లల్ని వదులుతుంది. పావు మిల్లీమీటరు పొడవుండే ఆ పిల్లల్నే మైక్రోఫైలేరియా అంటారు. పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య బయటి రక్తంలోకి వస్తాయి. మురుగు కాల్వల్లో పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టే వేళా అదే. ఫైలేరియా సిబ్బంది రాత్రి పొద్దుపోయాక వచ్చి వేలి నుంచి 20 మైక్రోలీటర్ల రక్తం తీసుకునేది అందుకే. దోమలో 10 నుంచి 14 రోజుల్లో మైక్రోఫైలేరియా మూడో దశ లార్వాగా ఎదిగి, దోమ కుట్టినచోట చర్మంలోంచి మళ్లీ మనిషిలోకి దిగుతుంది.

ఈ చక్రంలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. దోమలో లార్వాల సంఖ్య పెరగదు. మనిషి ఒంట్లోనూ ఒక పెద్ద పురుగు రెండు పెద్ద పురుగులు కాదు. ఒంట్లో ఉన్న ప్రతి పెద్ద పురుగూ విడిగా ఓ దోమకాటుతో వచ్చిందే. కాబట్టి ఊళ్లో జబ్బు పాకడం ఆగాలంటే పెద్ద పురుగుల్ని వెంటనే చంపనక్కర్లేదు. అవి పిల్లల్ని కనకుండా చేస్తే చాలు. వోల్బాకియా పోయినప్పుడు పురుగుకు మొదట తగిలే దెబ్బ సరిగ్గా అదే.

చుక్కల్ని పట్టించుకోని ఇరవై ఏళ్లు

ఫైలేరియా పురుగును పలచగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసినవాళ్లకు 1970ల నడుమ నుంచే దాని కణాల లోపల గుండ్రటి, కోలటి చుక్కలు కనిపించాయి. పొర చుట్టిన చిన్న సంచుల్లో గుంపులుగా ఉన్నాయి. బాక్టీరియాలా ఉన్నాయని రాశారు, అక్కడితో వదిలేశారు. పెంచి చూద్దామంటే అవి కణం దాటి బతకవు, ప్రయోగశాల పళ్లెంలో పెరగవు. టెట్రాసైక్లిన్ ఇచ్చిన జంతువుల్లో ఫైలేరియా లార్వాలు ఎదగడం లేదని 1990ల మొదట్లో బయటపడ్డాక కూడా ఎక్కువమంది కదల్లేదు. 1995లో ఇటలీ పరిశోధకులు ఫైలేరియా జాతిదే అయిన కుక్కల గుండె పురుగులోని ఆ చుక్కల డీఎన్ఏ చదివారు. అది వోల్బాకియా కుటుంబానిదని తేలింది.

వోల్బాకియా అప్పటికే పాత పేరు. హెర్టిగ్, వోల్బాక్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1924లో క్యూలెక్స్ దోమ అండాశయాల్లో దాన్ని చూశారు. దోమలో దొరికిన బాక్టీరియాకు చుట్టం, దోమ మోసే పురుగులో దొరికిందన్నమాట. అలాగని ఈ దోమ నుంచే ఆ పురుగులోకి దూకిందనుకోకూడదు. పురుగుల్లోని రకాలు వోల్బాకియా వంశవృక్షంలో వేరే కొమ్మలు. వాటికి సి, డి గుంపులని పేరు. దోమల్లోవి ఏ, బి గుంపులు. డెంగీ వ్యాపించకుండా ఏడిస్ దోమలకు వోల్బాకియా ఎక్కించి వదలడం గురించి వార్తల్లో వస్తుంటుంది. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ సంస్థ కూడా అలాంటి దోమల్ని తయారుచేసింది. అక్కడ బాక్టీరియాను ఎక్కించడం మేలు, ఇక్కడ తీసేయడం మేలు. ఒకే పేరు ఉండటంతో ఈ రెండూ తరచూ కలగాపులగమవుతాయి.

1999లో జర్మనీలో అఖిమ్ హోరాఫ్ బృందం చేసిన ప్రయోగం అనుమానం తీర్చింది. వోల్బాకియా ఉన్న లిటోమోసాయిడిస్ అనే ఫైలేరియా పురుగు సోకిన జంతువులకు టెట్రాసైక్లిన్ ఇస్తే పురుగులు గిడసబారాయి, గొడ్డుపోయాయి. దాని చుట్టమే అయినా ఒంట్లో వోల్బాకియా లేని అకాంథోకైలోనీమా విటీ సోకిన జంతువులకు అదే మందు ఇస్తే ఆ పురుగులు మామూలుగానే పెరిగాయి. మందు పురుగుకే విషమైతే రెండూ దెబ్బతినాలి. పెన్సిలిన్ లాంటివి పనికిరాలేదు. కారణం, ఆ మందులు బాక్టీరియా గోడను కూలుస్తాయి, వోల్బాకియాకు మామూలు బాక్టీరియాకుండేంత గట్టి గోడ లేదు. పైగా అది కణం లోపల కూర్చుని ఉంటుంది. స్క్రబ్ టైఫస్ క్రిమి కూడా రికెట్సియేలిస్ అనే ఇదే వర్గానిది, అదీ కణాల్లోనే దాక్కుంటుంది. రెండిటికీ డాక్సీసైక్లినే మందు కావడం కాకతాళీయం కాదు.

మరుసటి ఏడే ఘనాలో నదీ అంధత్వం (పురుగు వల్ల చూపు పోయే జబ్బు) రోగులకు రోజుకు 100 మి.గ్రా. చొప్పున ఆరు వారాలు డాక్సీసైక్లిన్ ఇచ్చి చూసిన ఫలితాలు వచ్చాయి. ఆ జబ్బు తెచ్చే ఆంకోసెర్కా వాల్వులస్ కూడా ఫైలేరియా జాతిదే. ఆడ పురుగుల గర్భాల్లో పిండాలు ఎదగడం ఆగిపోయింది.

ఎవరు ఎవరికి ఏమిస్తారు

బ్రూజియా మలయీలోని వోల్బాకియా జన్యుపటం 2005లో అచ్చయింది. మొత్తం సుమారు 10.8 లక్షల డీఎన్ఏ అక్షరాలు, 800 దాకా ప్రొటీన్ జన్యువులు. మన పేగుల్లోని ఈ.కొలై బాక్టీరియాకు 46 లక్షల అక్షరాలుంటాయి. వోల్బాకియా తన సరంజామాలో చాలాభాగం పారేసుకుంది. అమైనో ఆమ్లాలను దాదాపుగా సొంతంగా చేసుకోలేదు. పురుగు పెట్టిందే తింటుంది. కానీ కొన్ని తయారీలు మాత్రం వదల్లేదు. హీమ్ (ఇనుము ఉండే రసాయనం), రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్), గ్లూటాథయోన్ (కణాన్ని కాపాడే రసాయనం), డీఎన్ఏ ఆర్ఎన్ఏలకు ముడిసరుకైన న్యూక్లియోటైడ్లు ఇంకా చేయగలదు. రెండేళ్ల తర్వాత వచ్చిన పురుగు జన్యుపటం చూస్తే, హీమ్ తయారీకి కావలసిన ఎంజైములు దానిలో చాలావరకు లేవు. అంటే ఒకరి దగ్గర లేనిది మరొకరి దగ్గర ఉంది, ఇంకేం, ఇచ్చిపుచ్చుకోవడమే అనిపిస్తుంది.

పాఠ్యపుస్తకాలకు నచ్చే కథ ఇది. కథ ఇంతే అయితే బాగుండేది. పశువుల్లో ఉండే ఆంకోసెర్కా ఓకెంగై పురుగులోని వోల్బాకియా ఇంకా చిన్నది, 9.6 లక్షల అక్షరాలే. దానికి రైబోఫ్లేవిన్ చేసే శక్తి కూడా లేదు. అయినా ఆ పురుగు దానిమీదే ఆధారపడి ఉంది. ఇటువైపు, మధ్య ఆఫ్రికాలో మనుషుల కళ్లలో పాకే లోవా లోవా పురుగులో వోల్బాకియా అసలే లేదు. మరి ఆ విటమిన్లన్నీ అదెలా చేసుకుంటోందని దాని జన్యుపటంలో వెతికితే, లోటు పూడ్చే కొత్త జన్యువులేవీ దొరకలేదు. హీమ్‌ను పురుగులు మన ఒంటి నుంచి కూడా పీల్చుకోగలవు. కాబట్టి వోల్బాకియాను విటమిన్ల దుకాణంగా చూస్తే సగమే అర్థమవుతుంది.

మిగతా సగం బాక్టీరియా ఎప్పుడు, ఎక్కడ పెరుగుతుందో చూస్తే కొంత తేటపడుతుంది. పెద్ద పురుగులో చర్మం కింద తల నుంచి తోక దాకా రెండు పక్కలా కణజాలపు పట్టీలు సాగుతాయి. వోల్బాకియా ఆ పట్టీల్లోనూ, ఆడదాని అండాశయాల్లోనూ, అండాల్లోనూ, పిండాల్లోనూ ఉంటుంది. మగదాని వీర్యంలో ఉండదు. తల్లి నుంచే పిల్లలకు వెళ్తుంది కనుక మగ పురుగులోకి చేరిన బాక్టీరియాకు అదే ఆఖరి మజిలీ. మైక్రోఫైలేరియాలోనూ, దోమలో ఉన్న లార్వాలోనూ బాక్టీరియా తక్కువ. లార్వా మనిషిలో దిగిన మొదటి వారంలోనే సంఖ్య ఒక్కసారిగా ఎగబాకుతుంది. లార్వా కుబుసం విడిచి నాలుగో దశకు మారే కాలం అది. తర్వాత ఆడది పిల్లల్ని మోసేటప్పుడు మళ్లీ పెరుగుతుంది. కణాలు వేగంగా చీలాల్సిన ఈ రెండు ఘట్టాల్లోనే పురుగుకు బాక్టీరియా అవసరం ఎక్కువన్నమాట. యాంటీబయాటిక్ ఇచ్చిన పురుగుల్ని కోసి చూస్తే జరిగేదీ దీనికి తగ్గట్టే ఉంది. పిండాల కణాలు, బీజ కణాలు తమంతట తామే చచ్చిపోయే దారి పడతాయి. పెద్ద పురుగు ఒళ్లు మాత్రం చాలాకాలం అలాగే ఉంటుంది.

అకాంథోకైలోనీమా విటీ జన్యువుల్లో వోల్బాకియా డీఎన్ఏ తునకలు అతుక్కుని ఉన్నాయి. జింకల్లోని ఆంకోసెర్కా ఫ్లెక్సువోసాలోనూ అంతే. ఆ రెండు పురుగుల్లో ఇప్పుడు బాక్టీరియా లేదు. ఒకప్పుడు కాపురముండి ఖాళీ చేసి వెళ్లిపోయిందని ఈ తునకలే చెబుతున్నాయి. కాబట్టి ఈ బంధం తెగరానిదేమీ కాదు. పరిణామంలో లక్షల ఏళ్లలో నెమ్మదిగా తెగితే పురుగు సర్దుకోగలిగింది. మందుతో ఆరు వారాల్లో తెంచితే సర్దుకోలేదు.

వాపు, జ్వరం ఎవరి పని

ఇంటింటికీ పంచే ఫైలేరియా మందు డీఈసీ మాత్రలు వేసుకున్న కొందరికి ఒకటి రెండు రోజులు జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తాయి. ఒంట్లో మైక్రోఫైలేరియా ఎంత ఎక్కువుంటే బాధ అంత ఎక్కువ. అవి ఒక్కసారిగా చచ్చినప్పుడు వాటి లోపలి వోల్బాకియా రక్తంలోకి చిందుతుంది. మందు వేసుకున్నాక బాధ తీవ్రంగా ఉన్నవాళ్ల రక్తంలో బాక్టీరియా డీఎన్ఏ ఎక్కువగా దొరికిందని 2001లో రుజువైంది. వోల్బాకియా పైపొరలోని లిపోప్రొటీన్లను (కొవ్వు అతికిన ప్రొటీన్లను) మన రక్షణ కణాలు బాక్టీరియా దాడిగా గుర్తుపట్టి మంట రేపుతాయి. నదీ అంధత్వంలో కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర మసకబారడానికి కూడా చచ్చిన పురుగు పిల్లల నుంచి కారే వోల్బాకియాయే ముఖ్య కారణమని 2002లో ఎలుకల మీద చూపించారు. బాక్టీరియాను తీసేసిన పురుగుల సారం కంట్లో వేస్తే అంత మంట రాలేదు.

డాక్సీసైక్లిన్ దారి వేరు. పురుగు బతికుండగానే లోపలి బాక్టీరియా కొద్దికొద్దిగా హరించుకుపోతుంది. నెలల తర్వాత పురుగు చచ్చేనాటికి చిందడానికి పెద్దగా ఏమీ మిగలదు. జ్వరాలు తక్కువగా రావడానికి కారణం ఇదే.

బోదకాలు ఉన్నవాళ్లకు ఏడాదికి కొన్నిసార్లు చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్లలు కట్టి, కాలు ఎర్రగా కాగిపోతుంది. దీన్ని కూడా పురుగు ఖాతాలోనో, వోల్బాకియా ఖాతాలోనో రాసేయడం పొరపాటు. ఇందులో ఎక్కువభాగం కాలివేళ్ల సందులు నాని చీలినప్పుడు బయటి నుంచి దూరే మామూలు చర్మపు బాక్టీరియా పని. పాడైన నాళాలు వాటిని బయటికి తరిమేయలేవు. ఈ జ్వరాలు వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కి గట్టిపడుతుంది. దీనికి పెన్సిలిన్ జాతి మందులు పనిచేస్తాయి, వోల్బాకియాకు పనిచేయవు. అసలు జ్వరమే రాకుండా చూసేవి సబ్బు, నీళ్లు. రోజూ కాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్ది, చీలిన చోట ఫంగస్ మందు రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుమీద పెట్టుకోవాలి, చెప్పుల్లేకుండా నడవకూడదు. ఖర్చు లేని పని కావడంతో దీన్ని వైద్యంగా ఎవరూ లెక్కచేయరు. కాలి విషయంలో మాత్రం దీన్ని మించిన మందు లేదు.

డాక్సీసైక్లిన్ వల్ల కాలి వాపు కూడా తగ్గుతుందా? ఘనాలో చేసిన ప్రయోగాల్లో 200 మి.గ్రా. ఆరు వారాలు వాడినవారిలో తొలి దశల వాపు తగ్గిందని 2012లో అచ్చయింది. ఒంట్లో బతికున్న పురుగులు లేనివారిలో కూడా తగ్గిందనడం ఆశ పుట్టించింది. తర్వాత భారత్ సహా వేర్వేరు దేశాల్లో మందునూ, ఉత్తుత్తి మాత్రనూ పక్కపక్కన పెట్టి, రెండు జట్లకూ కాలి శుభ్రత గట్టిగా నేర్పి పోల్చినప్పుడు ఆ అదనపు లాభం స్పష్టంగా కనిపించలేదు. కాలు బాగా కడిగినవాళ్లు మందున్నా లేకున్నా మెరుగయ్యారు. ఏళ్లుగా గట్టిపడిన బోదకాలిని డాక్సీసైక్లిన్ మామూలు కాలు చేస్తుందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

ఆరు వారాల్లో ఏం జరుగుతుంది, ఎక్కడ చెడుతుంది

రోజుకు 200 మి.గ్రా. నాలుగు వారాలు వాడితే ఆడ పురుగులు గొడ్డుపోతాయి. ఆరు వారాలు వాడితే పెద్ద పురుగుల్లో ఎక్కువ భాగం చస్తాయి. టాంజానియాలో ఎనిమిది వారాల కోర్సు ఇచ్చి 14 నెలల తర్వాత అల్ట్రాసౌండ్ తీస్తే, మందు తీసుకున్నవారిలో 22 శాతం మందిలోనే పురుగుల కదలిక మిగిలింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 88 శాతం. 2005లో వచ్చిన ఈ ఫలితంతోనే వోల్బాకియాను కొడితే పెద్ద పురుగూ చస్తుందన్నది మనుషుల్లో గట్టిపడింది. అప్పటిదాకా వాడుతున్న మందుల్లో ఐవర్‌మెక్టిన్ మైక్రోఫైలేరియాను ఊడ్చేస్తుందే కానీ పెద్ద పురుగుల్ని చంపదు. డీఈసీ కొన్నిటినే చంపుతుంది.

చాలామంది తడబడేది కాలక్రమం దగ్గర. కోర్సు పూర్తయిన మర్నాడు రాత్రి రక్తం తీస్తే మైక్రోఫైలేరియా ముందులాగే కనిపించవచ్చు. అప్పటికే పుట్టినవాటిని డాక్సీసైక్లిన్ చంపదు, కొత్తవి పుట్టకుండా చేస్తుందంతే. పాతవి ఆయుష్షు తీరి రాలిపోవడానికి నెలలు పడుతుంది. పెద్ద పురుగు చావుకు ఏడాది, రెండేళ్లు. నెలకే పరీక్ష చేయించి మందు పనిచేయలేదని తేల్చేస్తే తప్పు లెక్క. వేలి రక్తంతో చేసే యాంటిజెన్ పరీక్ష పెద్ద పురుగులు వదిలే పదార్థాన్ని పట్టుకుంటుంది, వోల్బాకియాను కాదు. పురుగు బతికున్నంత కాలం, చచ్చాక కూడా కొన్నాళ్లు, అది పాజిటివ్‌గానే ఉంటుంది.

రెండో చిక్కు మధ్యలో మానేయడం. డాక్సీసైక్లిన్ బాక్టీరియాను కొట్టి చంపదు, దాని ప్రొటీన్ల తయారీని ఆపి పెరగనివ్వదు. వోల్బాకియా అసలే నెమ్మదిగా చీలే జీవి. అందుకే వారానికి, రెండు వారాలకు దాని సంఖ్య పురుగు బతుకు దెబ్బతినేంతగా పడిపోదు. నూటికి 90కి పైగా పోయి, ఆ స్థితి నిలబడితే తప్ప ఫలితం లేదన్నది జంతు ప్రయోగాల్లో తేలిన గీత. కాస్త ఒళ్లు తేలికపడిందని పదో రోజున ఆపేస్తే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి.

మింగడంలోనూ మెలకువ కావాలి. ఐరన్ మాత్రలు, కాల్షియం, గ్యాస్‌కి వాడే యాంటాసిడ్లు డాక్సీసైక్లిన్‌ను పేగుల్లోనే కట్టిపడేస్తాయి. వాటికీ దీనికీ మధ్య కనీసం రెండు మూడు గంటల ఎడం ఉండాలి. పాలతో కలిపి మింగకపోవడమే మేలు. అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునో నిలబడో వేసుకోవాలి. గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే మాత్ర గొంతుకింద అన్నవాహికలో అంటుకుని పుండు పడుతుంది. ఛాతీలో మంటని చాలామంది కోర్సు మానేసేది ఇందుకే. ఎండలో పొలం పనిచేసేవాళ్లకు చర్మం కమిలిపోవచ్చు. ఒళ్లు కప్పే బట్టలు వేసుకోమని ముందే చెప్పాలి. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఆరు వారాల కోర్సు పనికిరాదు. పళ్లు, ఎముకలు పెరిగే వయసులో ఈ జాతి మందు వాటిలో చేరి రంగు మారుస్తుంది. ఎవరికి వాడాలన్నది డాక్టరు తేల్చాల్సిన మాట. వోల్బాకియా లేని ఏలికపాములకు, కొంకిపురుగులకు దీన్ని వాడటం మందు దండగ, పేగుల్లోని మంచి బాక్టీరియాకు చేటు.

సంచిలోకి ఎందుకు రాలేదు

పైన చెప్పినదంతా చదివాక సామూహిక పంపిణీలో ఈ మందు ఎందుకు లేదో ఊహించడం కష్టం కాదు. 42 రోజులు, రోజూ మింగాలి. పిల్లల్ని, గర్భిణుల్ని వేరుచేయాలి. ఒక ఊరు మొత్తానికి వారాల తరబడి యాంటీబయాటిక్ పోస్తే వేరే రోగాల బాక్టీరియా మందులకు మొండికేస్తుందన్న భయం ఉంది. ఆరు వారాలు జనం వేసుకోరన్న మాట మాత్రం అంత నిజం కాదు. కామెరూన్‌లో ఊరి మనుషులే పంచే పద్ధతిలో 12 వేలమందికి పైగా ఈ కోర్సు తీసుకున్నారు. మొదలుపెట్టినవాళ్లలో దాదాపు అందరూ పూర్తిచేశారు. మనసుపెడితే సాధ్యమే. కాకపోతే ఏడాదికి ఒక్కరోజు మింగించే పద్ధతి ముందు ఇది ఖర్చులో, శ్రమలో నిలబడదు.

మన దగ్గర దీని అవసరం మరింత తగ్గించింది మూడు మందుల పద్ధతి. ఐవర్‌మెక్టిన్ కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు, డీఈసీ కిలోకు 6 మి.గ్రా., ఆల్బెండజోల్ 400 మి.గ్రా. మూడూ ఒకేసారి. పాపువా న్యూగినీలో దీన్ని ఒక్కసారి ఇచ్చి రెండేళ్ల తర్వాత చూస్తే 96 శాతం మంది రక్తంలో మైక్రోఫైలేరియా లేదని 2018లో అచ్చయింది. పురుగుల్ని గొడ్డుపోనివ్వడమే లక్ష్యమైతే ఒక్కరోజు మాత్రలతోనే అది అందుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ పద్ధతిని సిఫారసు చేసింది. మన దేశంలో 2018 డిసెంబరులో బిహార్‌లోని అర్వల్ జిల్లాతో మొదలైంది.

అలాగని వోల్బాకియా సంగతి అటకెక్కించేది కాదు. నదీ అంధత్వం ఉన్నచోట డీఈసీ ఇవ్వకూడదు, కంటిచూపు పోయే ప్రమాదముంది. లోవా లోవా ఉన్నచోట ఐవర్‌మెక్టిన్‌తోనే గండం. మిల్లీలీటరు రక్తంలో 30 వేలకు మించి ఆ పురుగు పిల్లలుంటే, అవి ఒక్కసారిగా చచ్చి మెదడు దెబ్బతిని మనిషి కోమాలోకి వెళ్లొచ్చు. మధ్య ఆఫ్రికాలో ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉంటాయి. లోవాలో వోల్బాకియా లేదు కనుక డాక్సీసైక్లిన్ దాని జోలికి పోదు. ఆంకోసెర్కాను మాత్రం నెమ్మదిగా చంపుతుంది. అక్కడ అది ప్రత్యామ్నాయం కాదు, చాలాసార్లు మిగిలిన ఒకే దారి. మన దగ్గర మాత్రం ఎన్ని విడతలు మాత్రలు మింగినా రక్తంలో పురుగులు పోని వ్యక్తికో, వృషణాల సంచిలో బతికున్న గూళ్లు కనిపించిన వ్యక్తికో డాక్టరు ఆలోచించే మందిది.

పశువైద్యులు దీన్ని మనుషుల వైద్యులకంటే పద్ధతిగా వాడుతున్నారు. కుక్కల గుండె, ఊపిరితిత్తుల నాళాల్లో ఉండే డైరోఫైలేరియా ఇమ్మైటిస్ పురుగు అడుగు పొడవు దాకా పెరుగుతుంది. మెలార్సొమిన్ ఇంజెక్షన్‌తో దాన్ని చంపితే చచ్చిన పురుగులే ఊపిరితిత్తుల్లో అడ్డుపడి కుక్క ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ముందు డాక్సీసైక్లిన్ కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు 28 రోజులిచ్చి, దాదాపు నెల ఆగి, అప్పుడు ఇంజెక్షన్ మొదలుపెడతారు. అప్పటికి పురుగులో వోల్బాకియా లేదు, పురుగు కూడా చిక్కిపోయి ఉంటుంది కాబట్టి ఊపిరితిత్తులకు దెబ్బ తగ్గుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. మందు తీసుకున్న కుక్కను కుట్టిన దోమలోకి మైక్రోఫైలేరియా వెళ్లినా, ఆ లార్వా మరో కుక్కలో పెద్ద పురుగుగా ఎదగదు.

ఇప్పుడు పరిశోధన అంతా ఆరు వారాల్ని ఏడు రోజులకు దించడం మీదే నడుస్తోంది. లివర్‌పూల్ ట్రాపికల్ మెడిసిన్ స్కూలు కేంద్రంగా 2007లో మొదలైన ఏ-వోల్ బృందం వేల రసాయనాల్ని జల్లెడ పట్టింది. ఎక్కువ మోతాదులో క్షయ మందు రిఫాంపిసిన్, పశువుల మందు టైలోసిన్‌ను మార్చి చేసిన కొత్త మందు, ఆల్బెండజోల్‌తో కలిపిన జోడీలు ఈ వరుసలో ముందుకొచ్చాయి. ఎలుకల్లో రిఫాంపిసిన్‌తో ఆల్బెండజోల్ కలిపితే ఏడు రోజులకే వోల్బాకియా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అయితే బ్రూజియా పురుగుల మీద చేసిన మరో ప్రయోగంలో, రిఫాంపిసిన్ ఇచ్చాక బాక్టీరియా బాగా తగ్గిపోయి, ఎనిమిది నెలల తర్వాత మళ్లీ పుంజుకుంది. ఎక్కడ మిగిలిందని చూస్తే, ఆడ పురుగు అండాశయంలో కొన్ని కణాల్లో ముద్దలు ముద్దలుగా గుమిగూడి ఉంది. చుట్టూ ఉన్న కణాలన్నీ ఖాళీ అయినా మందు ఆ ముద్దల్ని కదిలించలేకపోయింది. పురుగు ఆయుష్షు ఏళ్లలో ఉంటుంది కాబట్టి దానికి ఎనిమిది నెలలు పెద్ద కాలం కాదు. కొత్త మందు ఏదొచ్చినా కోర్సు ముగిసిన వారానికి లెక్కపెడితే చాలదు, ఏడాది ఆగి ఆ ముద్దల్లో ఏం మిగిలిందో చూడాల్సిందే.